ఇన్వర్టర్ పెట్టాలా, బఫర్ పెట్టాలా? మండపం లైట్లు వెలగట్లేదు (చర్చ)

సంగారెడ్డి_సోల్డర్:
అన్నలూ, కొంచెం టెన్షన్‌లో ఉన్నాను, వినాయక చవితికి ఇంకా 9 రోజులే ఉంది. మా గల్లీ మండపానికి 5 మీటర్ల డబ్ల్యూఎస్2812బీ స్ట్రిప్ (ఒకే డేటా వైరుతో ఒక్కో లైటు రంగు విడిగా మార్చే రకం) కొన్నాం, మీటరుకి 60 ఎల్‌ఈడీలు, ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో నడిపిస్తున్నా. ఇంట్లో టేబుల్ మీద బాగానే వెలిగింది. మండపంలో బోర్డుకీ స్ట్రిప్‌కీ మధ్య 4 మీటర్ల వైరు లాగేసరికి మొదటి లైటు పిచ్చి రంగులు చూపించడం, దాని వెనక ఉన్నవన్నీ మిణుకు మిణుకుమనడం మొదలైంది. 3.3 వోల్టుల సిగ్నల్ చాలట్లేదు, 5 వోల్టులకి పెంచే ఐసీ పెట్టమని ఎవరో చెప్పారు. షాపులో అడిగితే 14 కాళ్ల ఐసీ ఒకటి ఇచ్చి "ఇది పెట్టు, అయిపోతుంది" అన్నాడు. పెట్టాను. ఇప్పుడు అసలు ఏమీ వెలగట్లేదు, డేటా వైరు చేత్తో కదిలిస్తే మాత్రం ఒక్కసారి ఏవో రంగులు వచ్చి అలాగే ఉండిపోతున్నాయి. ఇంటికొచ్చి నంబరు చూస్తే అది ఇన్వర్టర్ అట, నాకు కావాల్సింది బఫర్ అట. ఈ రెండింటికీ తేడా ఏంటో మామూలు మాటల్లో ఎవరైనా చెప్పండి. డేటాషీట్ చూస్తే రెండూ త్రిభుజాలే, ఒకదానికి చివర చిన్న సున్నా ఉంది, అంతే.

తెనాలి_సర్వీస్:
ఆ చిన్న సున్నాలోనే ఉంది తమ్ముడూ నీ గొడవంతా.

పూర్వం ఊళ్లో చాటింపు వేసేవాళ్లు గుర్తున్నారా? మునసబు ఇంట్లో కూర్చుని నెమ్మదిగా చెప్పిన మాటని డప్పు కొట్టి ఊరంతా వినపడేలా చెప్పేవాడు. మాట మునసబుది, గొంతు వాడిది. బఫర్ అదే. లోపలికి 1 వస్తే బయటికి 1, 0 వస్తే 0, కానీ బయటికి పోయే కరెంటు నీ ఈఎస్‌పీ32ది కాదు, ఐసీ తన సప్లై నుంచి తీసుకుని ఇస్తుంది. ఇన్వర్టర్ కూడా అంతే గట్టిగా అరుస్తుంది, కాకపోతే మునసబు "రేపు నీళ్లు వదులుతారు" అంటే వీడు "రేపు వదలరు" అని చాటుతాడు. గొంతులో తేడా లేదు, మాటే తలకిందులు.

నీ స్ట్రిప్‌కి ఇది ఎందుకు పనికిరాదంటే, ఒక ఫ్రేమ్ (అన్ని లైట్లకీ ఒక విడత రంగుల డేటా) అయిపోయిందని తెలియడానికి డేటా లైను కనీసం 50 మైక్రోసెకన్లు (కొత్త రకాలకి 280 దాకా) సున్నా దగ్గర ఆగాలి. అది చూసుకున్నాకే ఎల్‌ఈడీలు రంగు మారుస్తాయి. మధ్యలో ఇన్వర్టర్ ఉంటే నువ్వు ఖాళీగా వదిలిన ఆ సమయమంతా లైను 5 వోల్టుల దగ్గర కూర్చుంటుంది. ఫ్రేమ్ ముగిసిందన్న సంగతే దానికి తెలియదు. వైరు కదిలించినప్పుడు కాంటాక్ట్ ఊడి సున్నా వస్తోంది కాబట్టి అప్పటిదాకా మింగిన చెత్తనంతా ఒక్కసారి చూపిస్తోంది.

నమ్మకం లేకపోతే ప్రోగ్రాం ఆపేసి, స్ట్రిప్ డేటా పిన్ దగ్గర మల్టీమీటర్ పెట్టి చూడు. ఎంత వస్తుందో ఇక్కడ రాయి. ఐసీ మీద ఉన్న నంబరు కూడా పూర్తిగా రాయి, మధ్యలో అక్షరాలతో సహా.

డిప్లొమా_ఈసీఈ:
సార్, నాదొక డౌట్. మొన్న వైవాలో నన్ను ఇదే అడిగారు. బఫర్ ట్రూత్ టేబుల్ రాయమంటే రాశాను, 0కి 0, 1కి 1. "మరి దానికి బదులు వైరు ముక్క పెడితే సరిపోతుందిగా, ఐసీ ఎందుకు దండగ" అన్నారు. నేను నోరు తెరవలేదు. ఇన్వర్టర్ అయితే ఏదో పని చేస్తుంది, బఫర్ నిజంగా ఏం చేస్తున్నట్టు?

పాత_ల్యాబ్_మాస్టారు:
బాబూ, ఆ ప్రశ్న నేను ఇరవై ఏళ్లు పిల్లల్ని అడిగినదే. ట్రూత్ టేబుల్లో కరెంటుకి చోటు ఉండదు, అందుకే అందులో బఫర్ వైరులా కనపడుతుంది. పాత 74 సిరీస్ టీటీఎల్ రకం గేటు (0, 1లతో పనిచేసే చిన్న సర్క్యూట్) ఔట్‌పుట్ లో, అంటే 0, స్థితిలో ఉన్నప్పుడు 16 మిల్లీఆంపియర్లు లాక్కోగలదు, ఒక్కో ఇన్‌పుట్ 1.6 మిల్లీఆంపియర్లు దాని మీద వేస్తుంది. భాగించు, 10 వస్తుంది. ఒక గేటు వెనక పది గేట్లు. పదకొండోది పెట్టావంటే లో వోల్టేజ్ 0.4 నుంచి నెమ్మదిగా పైకి పాకుతుంది, 0.8 దాటితే అవతలి గేటుకి అది లో అన్న పూచీ లేదు. వైరు పెడితే ఆ భారమంతా వెనక గేటు మీదే పడుతుంది. బఫర్ పెడితే వెనక గేటుకి కనిపించేది ఒక్క ఇన్‌పుట్టే.

మా ల్యాబ్‌లో 8085 మైక్రోప్రాసెసర్ నేర్పే ట్రైనర్ కిట్‌లు ఉండేవి. ఒకదాంట్లో డేటా బస్ మీద ఉండే 74ఎల్‌ఎస్245 అనే బఫర్ ఐసీ కాలిపోతే, కొత్తది వచ్చేలోపు నడిపిద్దామని నేనే ఎనిమిది జంపర్లు వేశాను, అంటే మీ పరీక్షకుడు అన్నట్టు వైరు ముక్కలే. కిట్ చక్కగా నడిచింది! నాకూ కొంచెం గర్వంగానే ఉండింది. వారం తర్వాత ఒక పిల్లాడు రిబ్బన్ కేబుల్‌తో ఇంటర్‌ఫేస్ కార్డు తగిలించాడు, అంతే, మెమరీలో 3ఈ రాస్తే చదివినప్పుడు ఒకసారి 3ఈ, ఒకసారి 3ఎఫ్. కేబుల్ తీస్తే మళ్లీ బాగుంటుంది. రెండ్రోజులు మెమరీ ఐసీని తిట్టుకున్నాక గానీ నా జంపర్లు నాకు గుర్తు రాలేదు.

నంద్యాల_పవర్:
మా ఇంట్లో ఇన్వర్టర్ 150 ఏహెచ్ బ్యాటరీ, కరెంటు పోగానే ఫ్యాన్ గుయ్‌మని సౌండ్ చేస్తోంది, బఫర్ పెడితే తగ్గుతుందా?

తెనాలి_సర్వీస్:
@నంద్యాల_పవర్ అది వేరే ఇన్వర్టర్ అండీ, డీసీని ఏసీ చేసేది. ఇక్కడ మాట్లాడేది నాట్ గేటు గురించి, పేరు ఒక్కటే గానీ చుట్టరికం లేదు. మీది స్క్వేర్ వేవ్ మోడల్ అయ్యుంటుంది, సైన్ వేవ్‌ది అయితే ఆ శబ్దం రాదు. వేరే టాపిక్ తెరవండి, అక్కడ చెబుతాను.

సంగారెడ్డి_సోల్డర్:
అన్నా, చూశాను. ప్రోగ్రాం ఆపితే స్ట్రిప్ డేటా పిన్ దగ్గర 4.92 వోల్టులు. ఐసీ తీసేసి నేరుగా ఈఎస్‌పీ32 నుంచి ఇస్తే 0.01. మీరన్నది నిజమే. ఐసీ మీద 74హెచ్‌సి04 అని ఉంది. ఇంకోటి, ఐసీ కొంచెం గోరువెచ్చగా ఉంది, ఇది మామూలేనా?

అందులో ఆరు ఇన్వర్టర్లు ఉన్నాయి కదా, ఒకటి కాకుండా రెండు వరసగా పెడితే తిరిగింది మళ్లీ తిరిగి సరిపోతుంది కదా?

గాజువాక_ప్లాంట్:
సరిపోతుంది. నన్నడిగితే బఫర్ ఐసీ అనేదే దండగ, 04 ఒకటి డబ్బాలో ఉంటే చాలు, తిప్పాలంటే ఒకటి, తిప్పకూడదంటే రెండు.

తెనాలి_సర్వీస్:
రెండు పెడితే తిరగడం సమస్య పోతుంది, నిజమే, కానీ ఆ ఐసీతో వద్దు. మధ్యలో హెచ్‌సి అని ఉంది చూశావా? హెచ్‌సి రకానికి 5 వోల్టుల సప్లై ఇస్తే, ఇన్‌పుట్ 3.5 వోల్టులు దాటితేనే హై అని కంపెనీ హామీ. నీ దగ్గర ఉన్నది 3.3. మామూలుగా 2.5 దగ్గరే తిరుగుతుంది కాబట్టి పనిచేసేస్తుంది కూడా, అదే ప్రమాదం, టేబుల్ మీద ఆడి మండపంలో మొరాయించే సరుకు ఇదే. హెచ్‌సిటి అని ఉన్నది తీసుకో, దానికి 2 వోల్టులు చాలు. ఒక్క టి అక్షరం తేడా, షాపువాళ్లు చాలామంది "రెండూ ఒకటే సార్" అంటారు. ఒకటి కాదు.

వెచ్చదనం మామూలు కాదు. మిగతా ఐదు గేట్ల ఇన్‌పుట్లు గాలిలో వదిలేసి ఉంటావు. హెచ్‌సి లాంటి సీమాస్ రకం ఐసీల ఇన్‌పుట్ అటూ ఇటూ కాకుండా మధ్యలో తేలుతుంటే లోపల పైదీ కిందదీ రెండు ట్రాన్సిస్టర్లూ సగం సగం తెరుచుకుని సప్లై నుంచి గ్రౌండ్‌కి కరెంటు కారుతూ ఉంటుంది. 3, 5, 9, 11, 13 పిన్‌లు గ్రౌండ్‌కి కట్టు. ఔట్‌పుట్లు కట్టకు బాబోయ్, వాటిని వదిలెయ్. 14కీ 7కీ మధ్య ఒక 104 (0.1 మైక్రోఫారడ్) కెపాసిటర్ కూడా పడెయ్.

సంగారెడ్డి_సోల్డర్:
గాలిలోనే వదిలేశాను. కట్టగానే చల్లబడింది అన్నా!

చిప్_పని_చేస్తా:
హైదరాబాద్‌లో ఫిజికల్ డిజైన్‌లో (చిప్‌లో గేట్లూ వైర్లూ ఎక్కడ పెట్టాలో చూసే పని) ఉన్నాను, చిప్ లోపలి వైపు నుంచి రెండు మాటలు.

సీమాస్‌లో ఇన్వర్టర్ అంటే రెండే ట్రాన్సిస్టర్లు, పైన పీమాస్ రకం, కింద ఎన్‌మాస్ రకం. ఇన్‌పుట్ హై అయితే కిందది తెరుచుకుని ఔట్‌పుట్‌ని గ్రౌండ్‌కి లాగుతుంది, లో అయితే పైది సప్లైకి లాగుతుంది. గమనించండి, తిప్పకుండా ఉండడం దానికి చేతకాదు, తిప్పడమే దాని పుట్టుక. అందుకే బఫర్ కావాలంటే రెండు ఇన్వర్టర్లు వరసగా పెట్టాల్సిందే, నాలుగు ట్రాన్సిస్టర్లు. అందరూ బఫర్ తేలిక, ఇన్వర్టర్ ఏదో అదనపు పని చేస్తుంది అనుకుంటారు గానీ లోపల లెక్క తారుమారు. మళ్లీ ఆ రెంటినీ ఒకే సైజులో పెట్టం, మొదటిది చిన్నది (వెనకవాళ్లకి బరువు కాకుండా), రెండోది పెద్దది (ముందున్న వైరుని నెట్టడానికి). చాలా పెద్ద లోడ్ అయితే ఒక్కోటి ముందుదానికంటే మూడు నాలుగు రెట్లు పెద్దదిగా వరసగా పేర్చుకుంటూ పోతాం.

మాకు బఫర్లు ఎక్కువగా పడేది పొడుగు వైర్ల మీద. చిప్ మీద సన్నటి వైరుకి రెసిస్టెన్సూ కెపాసిటెన్సూ రెండూ పొడవుతో పాటు పెరుగుతాయి కాబట్టి పొడవు రెట్టింపైతే ఆలస్యం నాలుగు రెట్లవుతుంది. మధ్యలో బఫర్లు పెట్టి ముక్కలు చేస్తే ఆ నాలుగు రెట్ల బాధ తప్పుతుంది. క్లాక్ లైన్ల (చిప్ అంతటికీ తాళం వేసే 0, 1 సిగ్నల్ లైన్ల) మీద మాత్రం చాలాసార్లు బఫర్లు మానేసి ఇన్వర్టర్లే జతలుగా వేస్తాం. కారణం బాగుంటుంది వినండి. ఏ గేటైనా పైకి లేవడానికీ కిందికి దిగడానికీ సరిగ్గా ఒకే సమయం తీసుకోదు. బఫర్ల వరసలో లేచే అంచు ప్రతి బఫర్ దగ్గరా లేచేదిగానే ఉంటుంది కాబట్టి ఆ తేడా పోగవుతూ పోతుంది, చివరికి 50 శాతం ఉండాల్సిన పల్స్ సన్నబడుతుంది. ఒకేలాంటి ఇన్వర్టర్లయితే ఒక దగ్గర లేచే అంచు తర్వాతి దగ్గర దిగే అంచు, తేడాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

ఇంకో సరదా. బఫర్ ఔట్‌పుట్ తీసుకెళ్లి దాని ఇన్‌పుట్‌కే కలిపితే, ఉన్న విలువని పట్టుకుని కూర్చుంటుంది, అదే మెమరీ. ఎస్‌ర్యామ్ అనే మెమరీలో ఒక్కో బిట్‌ని దాచే గదిలోని ఆరు ట్రాన్సిస్టర్లలో నాలుగు చేసే పని ఇదే. మూడు ఇన్వర్టర్లని అలా గుండ్రంగా కలిపితే మాత్రం ఎప్పటికీ కుదురుండదు, 0, 1, 0, 1 అని కొట్టుకుంటూనే ఉంటుంది. కొత్త ప్రాసెస్ వేగం చూడడానికి చిప్‌లో ఒక మూల ఇలాంటి రింగ్ పెడతారు.

డిప్లొమా_ఈసీఈ:
అక్కా, బఫర్‌లో నాలుగు ట్రాన్సిస్టర్లు అంటే అది ఇన్వర్టర్ కంటే నెమ్మది అన్నమాటేగా?

చిప్_పని_చేస్తా:
చిన్న లోడ్‌కి అవును. పెద్ద లోడ్‌కి చిన్న ఇన్వర్టర్ ఒక్కటే చెమటలు కక్కుతుంది, అక్కడ రెండు దశల బఫరే ముందు చేరుతుంది. ఇంకో మెలిక, బయట దొరికే 74హెచ్‌సి04లో కూడా ఒక్కో ఇన్వర్టర్ లోపల మూడు దశలు ఉంటాయి. ఒక్క దశే కావాలంటే 74హెచ్‌సియు04, క్రిస్టల్ ఆసిలేటర్లకి దాన్ని వాడతారు.

పలమనేరు_బోర్లు:
నేను బోరు మోటార్లకి మొబైల్ స్టార్టర్లు బిగిస్తాను, సొంతంగా బోర్డులు కూడా చేస్తాను. నన్ను నెల రోజులు ఏడిపించిన ఇన్వర్టర్ ఒకటుంది, అది ఇన్వర్టర్ అని నాకు తెలియదు.

కంట్రోలర్‌కీ జీఎస్‌ఎం మాడ్యూల్‌కీ మధ్య సీరియల్ లైను ఉంటుంది కదా, మోటారు ఆగినప్పుడల్లా మాడ్యూల్ రీసెట్ అవుతోందని రెండిటికీ మధ్య ఆప్టోకప్లర్ పెట్టాను, పీసీ817 (లోపల ఒక ఎల్‌ఈడీ, దాని వెలుగుకి తెరుచుకునే ట్రాన్సిస్టర్ ఉంటాయి). వేగం 9600 బాడ్. అప్పట్నుంచి చెత్త అక్షరాలు, అదీ కాదంటే నిశ్శబ్దం. బాడ్ మార్చాను, మాడ్యూల్ మార్చాను, సిమ్ కూడా మార్చాను (నవ్వకండి). చివరికి ఒకాయన స్కోప్ పెట్టి చూపించాడు. సీరియల్ లైను ఖాళీగా ఉన్నప్పుడు హైలో ఉండాలి, అవతల లోలో ఉంది. నేను టీఎక్స్ (డేటా పంపే) పిన్ నుంచి రెసిస్టర్ మీదుగా ఆప్టో ఎల్‌ఈడీకి, అక్కడ్నుంచి గ్రౌండ్‌కి కట్టాను. టీఎక్స్ హై అయితే ఎల్‌ఈడీ వెలుగుతుంది, ట్రాన్సిస్టర్ కలెక్టర్‌ని కిందికి లాగుతుంది, అంటే లో. ఆప్టో కాదు, ఇన్వర్టర్ పెట్టుకున్నట్టయింది.

మందు చిన్నదే. ఎల్‌ఈడీ ఒక కాలు సప్లైకి, రెండో కాలు టీఎక్స్‌కి కట్టాను. ఇప్పుడు టీఎక్స్ లో అయినప్పుడు వెలుగుతుంది, అవతల కూడా లో. అదే ఆప్టో, అదే రెసిస్టర్, బఫర్ అయిపోయింది! అప్పట్నుంచి ఒక్క ట్రాన్సిస్టర్ కనపడినా ముందు "ఇది తిప్పుతుందా" అనే చూస్తాను.

గాజువాక_ప్లాంట్:
నేను పైన బఫర్ దండగ అన్నాను కదా, ఒప్పుకోవాల్సిన కథ ఒకటి నాకూ ఉంది. ఒక మెషిన్ ప్యానెల్‌లో 24 వోల్టుల ఇండికేటర్ దీపాలని 7407 నడిపేది. అది బఫరే గానీ ఓపెన్ కలెక్టర్ రకం, అంటే లైనుని కిందికి లాగడమే గానీ తనంతట పైకి నెట్టదు, ఔట్‌పుట్ మీద 30 వోల్టుల దాకా తట్టుకుంటుంది, 40 మిల్లీఆంపియర్లు లాగుతుంది. ఐసీ పోయింది. స్టోర్స్‌లో 07 లేదు, 7406 ఉంది. అదే కాళ్లు, అదే 30 వోల్టులు, అదే 40 మిల్లీఆంపియర్లు. నైట్ షిఫ్ట్‌లో కుర్రాడు "ఒక్క నంబరేగా తేడా" అని పెట్టేశాడు. 06 ఇన్వర్టర్. తెల్లారేసరికి మెషిన్ హాయిగా నడుస్తుంటే ట్రిప్ దీపం ఎర్రగా వెలుగుతోంది, నిజంగా ట్రిప్ అయినప్పుడు ఆరిపోతోంది. దీపం తప్పని తేలేలోపు రెండు మోటార్లు విప్పి చూశారు.

ఈ రకం పనిని మాత్రం రెండు 04 గేట్లు వరసగా పెట్టి చేయలేం, 5 వోల్టుల ఔట్‌పుట్‌ని 24 వోల్టుల లైనుకి కలిపితే ఐసీ పొగే. 125 లాంటి ట్రైస్టేట్ బఫర్ కూడా అంతే, హై, లో కాక "నేను లేను" అని తప్పుకునే మూడో స్థితి దానికుంది, 04కి అది లేదు. కాబట్టి నా "దండగ" మాట వెనక్కి తీసుకుంటున్నా.

పాత_ల్యాబ్_మాస్టారు:
ఇలాంటి కవల జంట సీమాస్‌లోనూ ఉంది, 4049 తిప్పేది, 4050 తిప్పనిది. రెండిటికీ సప్లై 1వ పిన్‌కి ఇవ్వాలి, 16కి కాదు. 16లో లోపల ఏమీ ఉండదు. అలవాటు కొద్దీ 16కి ఇచ్చి "సార్, ఐసీ డెడ్" అని ప్రతి బ్యాచ్‌లో ఒకడైనా వచ్చేవాడు.

హోసూరు_హాబీ:
మండపం తమ్ముడికి ఐసీ దొరక్కపోతే ఒక అడ్డదారి. మొదటి ఎల్‌ఈడీ ఒక్కదాన్ని కత్తిరించి విడిగా తీసి, దాని 5 వోల్టుల సప్లైలో 1ఎన్4007 డయోడ్ ఒకటి వరసగా పెట్టు. దానికి అందేది 4.3 వోల్టులు. ఈ ఎల్‌ఈడీలు సప్లైలో 0.7 వంతు దాటితే హై అనుకుంటాయి, 4.3లో 0.7 వంతు అంటే 3.01. నీ 3.3 దానికి సరిపోతుంది. అది తన ఔట్‌పుట్‌లో 4.3 వోల్టులు పంపిస్తుంది, తర్వాతి దానికి కావాల్సింది 3.5, అదీ సరి. ఆ ఎల్‌ఈడీని బోర్డు పక్కనే ఉంచి అక్కడ్నుంచి 4 మీటర్ల వైరు లాగు. అంటే ఆ లైటే నీ బఫర్. నిజానికి ఈ స్ట్రిప్‌లో ప్రతి ఎల్‌ఈడీ ఒక బఫరే, తన రంగు తీసుకుని మిగతా డేటాని మళ్లీ శుభ్రంగా చెక్కి ముందుకి పంపుతుంది, లేకపోతే 300వ లైటు దాకా సిగ్నల్ ఎలా చేరుతుంది చెప్పు.

సంగారెడ్డి_సోల్డర్:
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న బస్సెక్కి కోఠి గుజరాతీ గల్లీకి పోయాను. ఈసారి కాగితం మీద రాసుకుని పోయాను, "74హెచ్‌సిటి125, టి ఉండాలి" అని. మూడు షాపుల్లో 125 లేదు, నాలుగో షాపాయన 74హెచ్‌సిటి245 ఉందన్నాడు, మాస్టారు గారి కిట్‌లోని 245 గుర్తొచ్చి తెచ్చేశాను. 20 కాళ్లు, ఎనిమిది బఫర్లు, నాకు కావాల్సింది ఒక్కటే, మిగతా ఏడు ఇన్‌పుట్లూ గ్రౌండ్‌కి కట్టాను. బోర్డు పక్కనే పెట్టి, ఔట్‌పుట్‌లో 330 ఓమ్‌ల రెసిస్టర్, డేటా వైరుతో పాటు గ్రౌండ్ వైరు మెలిపెట్టి లాగాను.

వెలిగింది! 300 లైట్లూ.

కానీ రాత్రి 10 నుంచి 11 దాకా వెలగలేదు, అది కూడా చెప్పాలి కదా. 1వ పిన్ డైరెక్షన్ అన్నారు, దాన్ని 5 వోల్టులకి కట్టాను, ఇన్‌పుట్ 2కి, ఔట్‌పుట్ 18 నుంచి. 19వది ఎనేబుల్ అని ఉంది, ఎనేబుల్ అంటే ఆన్ చేయాలి కదా అని దాన్ని కూడా 5 వోల్టులకే కట్టాను. గంట కొట్టుకున్నాక డేటాషీట్ బొమ్మని ఫోన్‌లో పెద్దది చేసి చూస్తే ఆ పిన్ దగ్గర కూడా చిన్న సున్నా ఉంది, అంటే 0 ఇస్తేనే ఆన్. తీసి గ్రౌండ్‌కి కట్టాను.